దవడల గది

ఫార్మలిన్ వాసనకి మొదటి నెలంతా కళ్ళల్లో నీళ్ళు.
రెండో నెల నుంచి కళ్ళు పొడి,
అన్నంలో మాత్రం ఆ వాసన.

తిరుపతి పశువైద్య కళాశాలలో ఎండ పడని వైపు గది.
అర మీద గేదె దవడ, పక్కన మేక,
ఆ పక్కన ఘాట్ రోడ్డులో లారీ కింద పడిన కోతి తల.
ఒక్కోదానికీ దారం కట్టిన చీటీ,
చీటీ మీద చెంగల్రాయుడి గుండ్రటి రాత.

నా పని చిన్నదే.
ఎవరి బుగ్గ లోపల ఏముందో కొలవడం.

ఆవు బుగ్గని తిరగేస్తే ముళ్ళు.
మెత్తటి, తడి ముళ్ళు,
అన్నీ గొంతు వైపే మొహం తిప్పుకుని
పోయిన గడ్డిపరకని వెనక్కి రానివ్వకుండా.
ముందు పళ్ళు పై వరసలో పుట్టుకతోనే లేవు.
నలభయ్యేళ్ళు దాని పాలు తాగినవాళ్ళకీ
ఈ సంగతి తెలియదు.

కోతికైతే చెంప కింద సంచి.
ముందు లాక్కుంటుంది, తర్వాత పారిపోతుంది,
నమలడం అన్నిటికన్నా చివర.
నేను కోసిన సంచిలో
లడ్డూలోని జీడిపప్పు ఒక్కటి,
పన్ను తగలకుండా, తెల్లగా.
దాని పొడవు కూడా నోటుపుస్తకంలో రాశాను.
ఎందుకో తెలీదు. పట్టికలో దానికి గడి లేదు.

కొలతల కోసం పుంగనూరు సంతకి పోతే
దళారి దొరసామి నా స్టీలు వెర్నియర్ చూసి నవ్వాడు.
కోడె కింది పెదవిని బొటనవేలితో లాగి
"రెండు పండ్లు. ఇంగో ఏడాదికి నాలుగు.
ఎనిమిదీ నిండినాయంటే ఇంగ నన్ను అడగబాకమ్మా.
అబద్దం చెప్పేది మనిషేగానీ దౌడ కాదు."
తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరానికి కూర్చున్నాడు.
నా మూడు నెలల లెక్క
ఆ బొటనవేలి గోరంత.

మనిషి బుగ్గకి పుస్తకంలో రెండే పేజీలు.
ముళ్ళు లేవు, సంచి లేదు.
పై పళ్ళూ కింది పళ్ళూ కలిసే ఎత్తులో
సన్నటి తెల్ల గీత,
రోజూ ఒరుసుకుని ఒరుసుకుని బుగ్గ గుర్తుంచుకున్నది.
అద్దం ముందు చెంప లాగి నాది చూసుకున్నాను.
ఎడమ వైపు లోతు.
మాట మింగినప్పుడల్లా అటే కొరుక్కుంటానని
ముప్పయ్యేళ్ళకి తెలిసింది.

అప్పట్నుంచి ఎవరు ఆవలించినా నా కళ్ళు నోట్లోకే.
బస్సులో. పెళ్ళి పంక్తిలో.
ఓ మధ్యాహ్నం చెంగల్రాయుడు జాడీ మూత తీస్తూ
ఏదో గుర్తొచ్చి పకపకా నవ్వాడు.
ఇరవై ఆరేళ్ళుగా పొగాకు ముద్ద నొక్కిపెట్టే కుడి బుగ్గ.
అక్కడున్నది గీత కాదు.
చింతగింజంత, సున్నం పెచ్చులాగా.

దాని లాటిన్ పేరు నాకు తెలుసు.
మిల్లీమీటర్లలో చెప్పగలను.
తెలుగులో నోరు పెగల్లేదు.

ఆయనే అన్నాడు,
"ఏందమ్మా, సంతలో ఎద్దును చూసినట్టు చూస్తా ఉండావు?
ఎన్ని పండ్లు నాకు?"
నోరు తెరవమన్నాను.
తెరిచాడు. ఇంతకాలం నేను తెరిచిన నోళ్ళలో
తనంతట తాను తెరుచుకున్నది అదొక్కటే.

రుయా ఆసుపత్రిలో చీటీ వరస.
పేరు, వయసు, ఊరు చంద్రగిరి.
కోసిన ముక్క కొర్రగింజంత.
సీసాలో పడగానే మూత తానే బిగించబోయాడు,
చేతి అలవాటు.
నర్సు దగ్గర పెన్ను అడిగి తీసుకుని
అవే గుండ్రటి అక్షరాల్లో రాశాడు:
మనిషి. బుగ్గ. కుడివైపు.

ఫలితం పది రోజులకి.
ఇవాళ ఆరో రోజు.
ఆయన చొక్కా జేబు చదునుగా ఉంది,
నోట్లో లవంగం.
నేను మేక దవడ కొలుస్తున్నాను, రెండోసారి,
మొదటిసారి అంకె రాయడం మరిచిపోయి.
జీడిపప్పు ఇంకా నా సొరుగులోనే ఉంది.